పనిమీద పోయే బండి

మోర్లే నుంచి కరే వైపు వెళ్లే పాత రోడ్డు మా ఊళ్లోకి వచ్చేముందు పెద్ద మలుపు తిరుగుతుంది. మలుపు దాటగానే ఎడమ పక్క కెర్‌బ్రా వాళ్ల పెట్రోలు బంకు ఉండేది. దానికి ఎదురుగా మా అమ్మ నడిపిన బారు. బంకు మూతపడి చాలా కాలమైంది. బారు మాత్రం నా చేతికొచ్చి ఇంకా నడుస్తోంది. ఇది ఆ బంకు వాళ్ల అమ్మాయి సోయిజిక్ కథ. బళ్లో నేనూ తనూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం.

సోయిజిక్‌కి మాటలెప్పుడొచ్చాయో తెలియదు గాని, బండ్ల పేర్లు అంతకు ముందే వచ్చాయని వాళ్ల నాన్న అనేవాడు. బడి అయ్యాక తనూ, తమ్ముడు రోనన్, నేనూ బంకు అరుగు మీద కూర్చునేవాళ్లం. అక్కాతమ్ముళ్లకి ఒక ఆట ఉండేది. మలుపు అవతల బండి కంటపడక ముందే చప్పుడు విని పేరు చెప్పాలి. నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. రోనన్ దాదాపు ఎప్పుడూ.

"రెండు గుర్రాలు!" అని అరిచేవాడు రోనన్. చిన్న సిట్రోయెన్‌ని మేమంతా అలాగే అంటాం.

"కాదు, పనార్."

"రెండిటికీ ఒకటే చప్పుడు కదా!"

"చెవులా చేటలా అవి? పనార్ దగ్గుతుంది. రెండు గుర్రాల బండి గొణుగుతుంది. ఆ మాత్రం తెలీదా?"

బండి మలుపు తిరిగేది. అది పనారే అయ్యేది. "నువ్వు పెద్దయ్యాక ఏ పెట్రోలు పీపానో చేసుకోవే సోయిజ్, మనిషి నీకు పనికిరాడు," అని రోనన్ ఉడుక్కునేవాడు.

రోనన్‌కి బంకు కంటే సముద్రం మీద మనసు. రోస్కోఫ్‌లో చేపల పడవ ఎక్కాడు. కొన్నాళ్లకి ఎవరి దగ్గరో పాత సిమ్కా 1100 కారు కొన్నాడు. పచ్చి ఆపిల్ రంగు. ఒడ్డుకి వచ్చినప్పుడల్లా దాంట్లో ఇంటికొచ్చేవాడు. మలుపు దగ్గర గేరు తీసేసి, ఇంజను ఆపేసి, చప్పుడు లేకుండా దిగువకి జారుకుంటూ వచ్చి అక్క వెనక హఠాత్తుగా హారను కొట్టేవాడు. సోయిజిక్ చేతిలో తుడుపు గుడ్డ తీసుకుని వాడి వీపు మీద నాలుగు వాయించేది. తర్వాత ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. 

ఒక జనవరిలో ఐర్లండు దక్షిణాన తుపాను రేగింది. రోనన్ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. అందులో వాళ్లెవరినీ సముద్రం మళ్లీ ఒడ్డుకి చేర్చలేదు. పడవ లేదు, మనిషి లేడు, శవపేటిక లేదు. రేవులో సిమ్కా మాత్రం ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది.

వాళ్ల నాన్న బస్సెక్కి రోస్కోఫ్ వెళ్లి ఆ బండి నడుపుకుంటూ వచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను బారు కిటికీ తుడుస్తున్నాను. సోయిజిక్ ఎవరి బండిలోనో పెట్రోలు పోస్తోంది. సిమ్కా మలుపు తిరిగింది. తలుపు తెరుచుకుని వాళ్ల నాన్న దిగాడు. రెండో తలుపు తెరుచుకోలేదు. సోయిజిక్ అటే చూసింది. గొట్టం తీసి తగిలించింది, మూత బిగించింది, ఆ పెద్దమనిషి బండి అద్దం తుడిచింది, "జాగ్రత్తగా వెళ్లిరండి" అంది. ఏడవలేదు. ఆ రోజే కాదు, చర్చిలో ప్రార్థన జరిగినప్పుడూ ఏడవలేదు. వాళ్లమ్మ ఆ బండిని చూడలేకపోయింది. ఈస్టర్ రాకముందే కెంపేర్ వైపు ఎవరికో అమ్మేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ బండి ఊసుగాని, రంగు ఊసుగాని ఎవరూ ఎత్తలేదు.

కొన్నేళ్లకి సోయిజిక్ గుల్వెన్‌ని పెళ్లి చేసుకుంది. గుల్వెన్ పాల ట్యాంకరు నడిపేవాడు, ఆరె కొండల్లో తను వెళ్లని పశువుల కొట్టం లేదు. మంచివాడు, నెమ్మదస్తుడు. బండ్లంటే మాత్రం బొత్తిగా పట్టనివాడు. "నాలుగు చక్రాలు, ఒక సీటు. అంతకంటే ఏముందందులో?" అనేవాడు. సోయిజిక్ బడిలో వంటమనిషిగా చేరింది. నాన్న పోయాక బంకు మూసేశారు. కాని సోయిజిక్ చూపు మాత్రం రోడ్డు వదల్లేదు. ఆదివారాలు మొగుడిని వెంటబెట్టుకుని ఏ అడ్డరోడ్డు పక్కనో బండి ఆపి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చునేది.

తనకో పట్టింపు ఉండేది. ఉత్సవాలకి మెరుగు పెట్టి తెచ్చే పాత బండ్లు లెక్కలోకి రావు. పోటీకి కడిగి, కొమ్ములకి నూనె రాసిన ఎద్దుని చూసి ఏం మురుస్తాం అనేది. "పనిమీద పోయే బండే బండి. డిక్కీలో బంగాళాదుంపల మూట ఉండాలి. వెనక సీట్లో కుక్క ఉండాలి. ఎక్కడో సొట్ట ఉండాలి. అప్పుడది బతికున్నట్టు."

ఒకసారి గుల్వెన్ చెల్లెలి బిడ్డకి జ్ఞానస్నానం. నీళ్లు పోసేటప్పుడు బిడ్డని ఎత్తుకోవాల్సిన జ్ఞానతల్లి సోయిజిక్. చర్చికి పోతుండగా అడ్డరోడ్డు మీద ఒక పనార్ కనిపించింది, పైన నిచ్చెన కట్టుకుని పోతోంది. దాని వెనక పడి బ్రెస్ట్ పట్నం పొలిమేర దాకా పోయారు. తిరిగొచ్చేసరికి ఫాదరు వాచీ చూసుకుంటున్నాడు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎక్కడ చచ్చారు మీరిద్దరూ?" అని ఆడపడుచు మండిపడింది.

"పనార్ కనిపించింది," అంది సోయిజిక్.

"అయితే దానికే పోయించకపోయావా నీళ్లు!"

నేనొకసారి అడిగాను. బారులో ఎవరూ లేరప్పుడు. "సోయిజ్, నువ్వు వెతుకుతున్నది రోనన్ బండి కోసమా?"

తను కప్పు కింద పెట్టింది. "ఆ బండి ఎప్పుడో తుప్పు పట్టి తుక్కులో కలిసిపోయి ఉంటుందే కాటెల్. నాకు తెలీదూ? వెతకడం లేదు, ఊరికే చూస్తున్నాను." అంతే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు నేను.

అరవై దాటాక తనకి మతిమరుపు మొదలైంది. మొదట ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత వీధి మర్చిపోయింది. ఒక పొద్దున గుల్వెన్‌ని గుమ్మంలో ఆపి, "పాలు ఇవాళ వద్దండీ, నిన్నటివే ఉన్నాయి," అంది. గుల్వెన్ ఆ మాట నాకు చెప్తూ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "పోనీలే, పాలవాడినని అయినా గుర్తుంది," అన్నాడు.

కాని బండ్లు మాత్రం మర్చిపోలేదు. గుల్వెన్ రోజూ తనని తెచ్చి మా బారు బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. మధ్యాహ్నమంతా ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎక్కడో ఉన్నట్టు కూర్చునేది. ఏ ముసలి రెనోనో వచ్చిందంటే చాలు, వెన్ను నిటారుగా అయ్యేది. "రెనో ఆరు! సైలెన్సర్ పోయింది, వినండి!" కళ్లు అప్పుడే నిద్రలేచినట్టుండేవి. అప్పుడు పక్కకి తిరిగి గుల్వెన్‌ని పేరు పెట్టి పిలిచేది కూడా. ఆ ఒక్క పిలుపు కోసం గుల్వెన్ మధ్యాహ్నాలన్నీ ఆ బెంచీ మీదే గడిపేవాడు.

పాత బండ్లు మాత్రం ఏటేటా తగ్గిపోయాయి. కొన్ని సర్కారు తనిఖీలో నెగ్గలేదు. కొన్ని తుక్కుకి పోయాయి. చాలావాటికి నడిపేవాళ్లు పోయారు. కొండల్లో ఒక ముసలాయన పోయాడంటే అతనితో పాటు ఒక బండి రోడ్డు మీద నుంచి మాయమైనట్టే. వారాలు గడిచినా ఒక్కటీ వచ్చేది కాదు. కొత్తవాటిని సోయిజిక్ బెదురు చూపులు చూసేది. "ఇవన్నీ ఒకే ఈతలో పుట్టినట్టున్నాయి. ఎవరివి ఇవి?" అని, కాసేపయ్యాక లేచి, "మా ఇంటికి తీసుకుపోండి," అనేది.

అప్పుడు గుల్వెన్‌కి ఒక ఆలోచన వచ్చింది. పాల ట్యాంకరు రోజుల్లో ఏ కొట్టంలో ఏముందో చూసినవాడు కదా. ఒక్కొక్క ఇంటికే బయల్దేరాడు. మొదట జోబ్ కరియు దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు దారి చూపించడానికి నేనూ వెంట వెళ్లాను, కొండ మీద కొత్తగా రోడ్డు మార్చారు.

"నీ పెజో 404 ఇంకా నడుస్తుందా జోబ్?"

"కోళ్లు ఒప్పుకుంటే నడుస్తుంది. వెనక సీట్లో ఒక పెట్ట పొదుగుతోంది."

"గురువారం మా ఊరి మీదుగా ఒకసారి తీసుకురాగలవా? నా భార్య చూడాలి."

"చూడ్డానికేం? ఇక్కడికే తీసుకురా."

"ఆగున్న బండి తనకి బండి కాదు. రోడ్డు మీద పోవాలి. నీకేదో పనుండి పోతున్నట్టుండాలి. ఆగకూడదు, చెయ్యి ఊపకూడదు. ఊపావంటే కనిపెట్టేస్తుంది."

"నాకేం పనయ్యా? ఎనభై దాటాయి. సరుకులు కూడా కోడలే తెస్తుంది."

"ఏదో ఒకటి కల్పించుకో."

జోబ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరే. క్షౌరం చేయించుకోవాలి."

"నీ తల మీద వెంట్రుకలేవీ?"

"అందుకే, చాలాసేపు పట్టదు," అన్నాడు జోబ్.

గురువారం 404 వచ్చింది. జోబ్ తల తిప్పకుండా, దేశాధ్యక్షుడిని ఎక్కించుకున్నంత గంభీరంగా నడుపుకుంటూ పోయాడు. సోయిజిక్ లేచి నిలబడింది. "గుల్వెన్, చూడు, నాలుగొందల నాలుగు! వెనక కోడిపెట్ట కూడా ఉంది!" పెట్టని దింపడం అతని వల్ల కాలేదన్నమాట.

తర్వాత దర్జీ పని చేసిన మదామ్ కెమెనెర్ తన అమీ 8 బండిలో కుక్కని ఎక్కించుకుని రావడం మొదలుపెట్టింది. "క్లచ్చి మీంచి కాలు తీయదు ఈవిడ, కాల్చేస్తుంది," అంది సోయిజిక్. గుల్వెన్ ఆ మాట చేరవేస్తే, "నేనా? ఇన్నేళ్లుగా నడుపుతున్నా, నాకే చెప్తుందా!" అని ఆవిడ మూతి ముడుచుకుంది. మరుసటి వారం మాత్రం బండి మెత్తగా పోయింది. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. ఒకరొకరుగా, వేరువేరు రోజుల్లో, ఏవో పనులు కల్పించుకుని వచ్చిపోయేవాళ్లు. ఆ వేసవంతా సోయిజిక్ మొహంలో కళ తిరిగింది. పట్టని బండ్ల గురించి పట్టించుకుని, గుల్వెన్ ఎన్ని నేర్చుకున్నాడో! ఒక రోజు సోయిజిక్ కంటే ముందే "రెనో ఆరు" అనేశాడు. "పర్లేదే నువ్వు," అంది సోయిజిక్. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత మెప్పు ఎప్పుడూ పొందలేదన్నాడు నాతో.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం గుల్వెన్ బెంచీ దగ్గర నుంచి లోపలికి వచ్చి, చేతులు రుద్దుకుంటూ గొంతు తగ్గించాడు.

"కాటెల్, ఇవాళ ఒకటొస్తుంది చూడు. ఎన్నేళ్లుగానో ఎవరి కంటా పడనిది. కొండ అవతల తంగీ అని ఒకాయన కొట్టంలో దొరికింది. సిమ్కా 1100."

నా చేతిలో ట్రే ఉంది. "ఏ రంగు?"

"ఆకుపచ్చ. పచ్చి ఆపిల్ ఉంటుందే, అలా."

రోనన్ పోయాకే గుల్వెన్ ఆ ఇంటికి అల్లుడయ్యాడు. బావమరిది సముద్రంలో పోయాడని తెలుసు. బండి సంగతి అతనికి ఎవరు చెప్పారు గనక?

"గుల్వెన్, వద్దు. ఆయనకి ఫోన్ చెయ్యి, వెనక్కి పొమ్మను."

"ఎందుకు? ఏమైంది?"

నేను చెప్పేలోపే మలుపు అవతల చప్పుడు వినిపించింది. కుట్టుమిషను నడుస్తున్నట్టు టకటకమనే ఆ ఇంజను చప్పుడు నాకు కూడా గుర్తుంది. మేమిద్దరం బయటికి పరిగెత్తాం. సోయిజిక్ అప్పటికే నిలబడి ఉంది. పేరు చెప్పలేదు. అరవలేదు. బండి మలుపు తిరిగి కనిపించగానే నేరుగా రోడ్డు మీదికి నడిచింది.

తంగీ బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. బండి సోయిజిక్‌కి మూరెడు దూరంలో ఆగింది. తను బండి చుట్టూ తిరిగి, పక్క తలుపు తీసి, అలవాటైన దానిలా ఎక్కి కూర్చుంది.

"ఇంతసేపా రావడం? అమ్మ పొద్దుట్నుంచి కిటికీ దగ్గరే ఉంది. హారను కొట్టలేదేం ఇవాళ?"

తంగీ స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల మీసాలు. ఎవరితోనూ మాట్లాడొద్దని గుల్వెన్ చెప్పిన మాట నిలబెట్టుకోవాలో, ఈవిడకి జవాబివ్వాలో తెలియక నీళ్లు నమిలాడు. సోయిజిక్ అతని మొహంలోకి చూసింది. చూసిన కొద్దీ తన మొహం మారిపోయింది.

"మీరెవరు?"

"నేను... నా పేరు తంగీ, మదామ్."

"మరి వాడేడీ?"

గుల్వెన్ తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పటికి అతనికి అర్థమైంది. తను అతని వైపు తిరిగి, చిన్నపిల్లలా, చాలా మెల్లగా అడిగింది.

"బండి ఒక్కటే తెచ్చాడా నాన్న?"

గుల్వెన్ కాదని అబద్ధం చెప్పేయొచ్చు. ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కాని ఆవిడ మొహంలోకి చూస్తూ అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు.

"అవును సోయిజ్. ఒక్కటే తెచ్చాడు."

అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్లీ వినలేదు, వినాలని లేదు. ఎదురుగా పిండి బస్తాలు దింపుతున్నవాళ్లు ఆగిపోయారు. వెనక బండ్లు బారులు తీరాయి, ఒక్కరూ హారను కొట్టలేదు. గుల్వెన్ లేచి వెనక సీట్లోకి ఎక్కి, వెనక నుంచే సోయిజిక్ భుజాలు చుట్టి పట్టుకున్నాడు. చాలాసేపటికి తంగీతో, "మమ్మల్ని ఇంటికి దింపుతారా?" అన్నాడు. ఆయన తల ఊపాడు. ఆయన మీసాలు కూడా తడిసి ఉన్నాయి.

అన్నీ మర్చిపోయే మనిషి ఆ ఒక్కటీ మర్చిపోలేదు. తెల్లారగానే, "రోనన్ వచ్చాడా?" అనేది. వచ్చేస్తాడని చెప్పమన్నాడు డాక్టరు. గుల్వెన్ అలాగే చెప్పి చూశాడు. "రోస్కోఫ్‌లో ఉన్నాడు, సాయంత్రానికి వస్తాడు."

"బండి లేకుండా ఎలా వస్తాడు?" అని అడిగేది సోయిజిక్.

గుల్వెన్ మళ్లీ కొండలన్నీ తిరిగి, ఇంటింటికీ వెళ్లి, ఇక రావద్దని చెప్పాడు. జోబ్ ఏమీ అడగకుండా లోపలి నుంచి గుడ్లు తెచ్చి చేతిలో పెట్టాడట. చలికాలం వచ్చేసరికి సోయిజిక్ అడగడం మానేసింది. తర్వాత మాటే మానేసింది. ఒకసారి ఎండ కాస్తే గుల్వెన్ తనని బెంచీ దగ్గరికి తెచ్చాడు. అనుకోకుండా ఏదో పాత రెనో అటుగా పోయింది, నిజంగానే పనిమీద, పైన పరుపు కట్టుకుని. గుల్వెన్ సోయిజిక్ మొహం వంక చూశాడు. తను ఒళ్లో చేతులు చూసుకుంటోంది. ఆ మరుసటి ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి, నిద్రలోనే పోయింది.

ఖననం అయ్యాక బారులో కూర్చుని గుల్వెన్ అన్నాడు. "మిగిలిన ఆ కాస్త సంతోషమూ నా చేతులతో నేనే పాడు చేశాను కాటెల్."

"రోనన్ పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపు అది, గుల్వెన్. అన్నేళ్లూ లోపలే ఉండిపోయింది. నీ దగ్గర ఏడ్చింది."

"అలా అనుకుంటే నీకు నిద్ర పడుతుందేమో," అన్నాడు. "నాకు పట్టడం లేదు."

 

తంగీ ఖననానికి వచ్చాడు గాని చివరి వరసలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నెల తర్వాత ఒక మంగళవారం బారు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో సంచి, అందులో తన తోటలో కాసిన ఉల్లిపాయలు. గుల్వెన్ ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. పై వారం మళ్లీ వచ్చాడు. అప్పట్నుంచి ప్రతి మంగళవారమూ వస్తాడు. ఆయనకీ ఇంట్లో ఎవరూ లేరు. పేకాడతారు. ఆయన తొండి ఆడతాడు, గుల్వెన్ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. 

ఆ రోజు తర్వాత తంగీ సిమ్కాని మా ఊరి వైపు తేలేదు, బస్సులోనే వస్తాడు. కొండ అవతల నుంచి మా ఊరికి బస్సు చుట్టూ తిరిగి వస్తుంది. దిగిన చోటి నుంచి ఎత్తు ఎక్కాలి. ఆయనకి మోకాలు బాగాలేదు. మొన్న వానలో తడిసి ముద్దై వచ్చాడు. గుల్వెన్ తువ్వాలు అందించి, పేక కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఈసారి బండిలోనే రారాదూ."

తంగీ తల తుడుచుకోవడం ఆపాడు. నేను గ్లాసులు కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను.

"వద్దులెండి," అన్నాడు తంగీ. "బస్సు బాగానే ఉంది."

గుల్వెన్ తల ఊపి ముక్కలు పంచాడు.